తూము లేని ఇల్లు

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్లం ఐదుగురం. బస్సు డ్యూటీ దిగి వచ్చి, యూనిఫాం కూడా విప్పకుండా కుర్చీలో కూలబడ్డ బాబాయి. సాయంత్రం ఆస్పత్రి డ్యూటీకి వెళ్లాల్సిన పిన్ని. సింకు కింద అల్మారాలో తల దూర్చి, నడుం దాకా మాత్రమే కనిపిస్తున్న నాన్న. గోడకి ఆనుకుని, కొంగు చివర వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ అమ్మ. ఫ్రిజ్ పక్క సందులో నేను.

కింది ఇంటావిడని ఈ లెక్కలో కలపలేదు. ఆవిడ గుమ్మం దాటి లోపలికి రాలేదు. తడిసిన దిండు ఒకటి చేత్తో పట్టుకుని, నిద్రమొహంతో గుమ్మంలోనే నిలబడి, చెప్పాల్సింది చెప్పి అప్పుడే వెళ్లిపోయింది.

ఆవిడ రాత్రంతా ఎక్కడో కాపలా ఉద్యోగం చేసి పగలు పడుకునే మనిషి. నిద్రలో మొహం మీద చుక్కలు పడ్డాయట. లేచి చూస్తే సీలింగు మీద పళ్లెమంత మరక. మేనేజరుకి ఫోన్ చేశానని, సాయంత్రంలోగా వస్తానన్నాడని చెప్పి, ఆ దిండు పిన్ని చేతుల్లో పెట్టి మెట్లు దిగింది.

పిన్ని ఇంకా ఆ దిండు పట్టుకునే ఉంది, పసిపిల్లని ఎత్తుకున్నట్టు.

"ఇన్నేళ్లయింది ఈ బిల్డింగుకొచ్చి. ఒక్కళ్లూ ఈ తలుపు కొట్టలేదు. పేరంటానికీ కొట్టలేదు, పోట్లాటకీ కొట్టలేదు. మీరొచ్చి నెల తిరగలేదు, ఇది రెండోసారి!"

మొదటిసారి సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తనక్కర్లేదు. పోయిన వారం అమ్మ వేసిన పోపు పొగకి సీలింగులో గంట మోగి, బిల్డింగంతా మెట్లు దిగి రోడ్డు మీద నిలబడింది. ఒళ్లంతా సబ్బు నురగతో, తువ్వాలు చుట్టుకుని దిగినాయన కూడా ఉన్నాడు. ఆ రోజే పిన్ని అంది: "అక్కా, ఇంకొక్కసారి ఇలాంటిది జరిగిందా, నిన్ను విమానం ఎక్కించేస్తా. తిరుగు విమానం."

అందరం నవ్వాం. పిన్ని నవ్వలేదు.

"సరేలేవే," అన్నాడు బాబాయి. "ముందు ఎక్కడ కారిందో తేలనీ. అన్నయ్యా, ఏమన్నా కనిపించిందా?"

"చూస్తున్నా తమ్ముడూ." నాన్న గొంతు డబ్బాలోంచి వచ్చినట్టు వచ్చింది.

"అది మీరు బిగించిన పైపే కదా?"

టార్చి వెలుగు లోపల అటూ ఇటూ తిరిగింది.

మా ఊళ్లో నాన్నని పైపుల డాక్టరనేవాళ్లు. బోరింగు పంపు మొరాయించినా, పొలంలో మోటారు నీళ్లు ఎత్తకపోయినా ఆయన కోసమే మనిషిని పంపేవాళ్లు. ఇక్కడికొచ్చాక ఆ చేతులకి పని లేకుండా పోయింది. వచ్చిన కొత్తలోనే, పిన్ని సింకు కింద పైపు చెమ్మగిల్లుతోందని చూసి, ఎవరూ అడక్కుండానే విప్పి బిగించాడు. బాబాయి ముచ్చటపడి మేనేజరు చెవిన వేశాడు. ఈ వీధి పొడుగునా ఉన్న బిల్డింగులకి మరమ్మతు పనివాళ్లని పెట్టుకునేది ఆయనే. సోమవారం నుంచి రమ్మన్నాడు.

ఆ మాట తెలిసిన పూట నాన్న అన్నం కలుపుతూ కలుపుతూ ఆగి, తన చేతుల వంక చూసుకుని తనలో తను నవ్వుకున్నాడు. అది నేనొక్కదాన్నే చూశాను.

ఎల్లుండే సోమవారం.

"మీ గురించి ఆయనకి నేనేం చెప్పాను?" బాబాయి ముందుకు వంగాడు. "మా అన్నయ్య చెయ్యి పెడితే చుక్క కారదు సార్ అన్నాను. ఆ మాటన్న నోరింకా తడారలేదు, అప్పుడే కింద సీలింగు తడిసింది."

"జోకులేస్తున్నారా?" అంది పిన్ని.

"ఏడవమంటావా? ఏడిస్తే ఆ నీళ్లూ కిందికే కారతాయి."

నాకు నవ్వొచ్చింది. ఫ్రిజ్ వైపు తిరిగి మింగేశాను. అమ్మ వైపు మాత్రం చూడలేదు. ఆ నీళ్లు ఎక్కడివో ఆ ఇంట్లో అప్పటికి ఇద్దరికే తెలుసు. ఆ ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా నిలబడ్డాం.

పొద్దున బాబాయి బస్సు మీద ఉన్నాడు. పిన్ని నాన్నని వెంటబెట్టుకుని మేనేజరు ఆఫీసుకి, అట్నుంచటు బజారుకి వెళ్లింది. ఇంట్లో అమ్మా, నేనూ.

"వచ్చిన దగ్గర్నుంచి ఈ ఇంటికి నేను చేసిందేముందే," అంది అమ్మ. "తిన్న పళ్లెం కూడా మిషనే కడుగుతుంది. మీ పిన్ని వచ్చేసరికి వంటిల్లు అద్దంలా చేసి పెడదాం."

మంచం కింద పెట్టెలోంచి, పాత చీరలో చుట్టి తెచ్చుకున్న ఈనెల చీపురు తీసింది. మేం వచ్చిన రోజు పెట్టె విప్పగానే పిన్ని పొట్ట పట్టుకుని నవ్విన చీపురు అది. "విమానంలో చీపురు తెచ్చావా అక్కా! నగలకి కూడా ఇన్ని చుట్లు చుట్టరు కదే!"

అమ్మ కుచ్చిళ్లు ఎత్తి బొడ్లో దోపుకుంది. బకెట్టు నిండా నీళ్లు తెచ్చి వంటింటి నడిమధ్యలో కుమ్మరించింది. చీపురుతో తోసుకుంటూ ఒక మూలకి వెళ్లింది. అక్కడినుంచి ఇంకో మూలకి. నీళ్లు ఆమె ముందు పరిగెత్తి, గోడకి కొట్టుకుని, మళ్లీ కాళ్ల దగ్గరికే వచ్చేవి.

"ఇంత ఇంటికి ఒక్క తూమైనా లేదేమే?"

నేనూ వెతికాను. మా ఇంట్లో వంటింటి గోడ అడుగున పిడికిలి పట్టేంత తూము ఉంటుంది. ఇల్లు కడిగిన నీళ్లు అందులోంచి పెరట్లో అరటి పాదులోకి పోతాయి. ఇక్కడ గోడలన్నీ నేలతో అతికేసి ఉన్నాయి. గడప కూడా లేదు. బల్లెక్కి కూర్చుని, కాళ్లు పైకి పెట్టుకుని చూస్తూ ఉన్నాను.

అంతలో నీళ్లే అల్మారాల అడుగున ఉన్న సన్నటి సందులోకి జారిపోవడం మొదలుపెట్టాయి.

"చూశావా," అంది అమ్మ సంబరంగా, "వాటి దారి అవే వెతుక్కున్నాయి. నీళ్లకి మనం చెప్పాలా?"

ఇంకో బకెట్టు పోసింది. పోస్తూ కూనిరాగం తీసింది. ఈ ఊరొచ్చాక అమ్మ గొంతులో రాగం వినడం అదే మొదలు.

"అక్కా," అన్న పిన్ని కేకకి ఉలిక్కిపడ్డాను. "పొద్దున నువ్వే ఉన్నావుగా ఇంట్లో. సింకు దగ్గర ఏమన్నా చప్పుడైందా?"

అమ్మ నోరు తెరిచింది. "నీళ్లు..." అంది.

"ఆఁ, నీళ్లు?"

"నీళ్లు మామూలుగానే వచ్చాయి."

పిన్ని చూపు నా మీదికి తిరిగింది. "నువ్వేమన్నా చూశావా అమ్మడూ?"

నేను తలూపాను.

"ఈ పిల్ల తలూపితే అవునో కాదో పైవాడికే తెలియాలి!"

"పిల్లిని అడిగితే ఏం చెప్తుందే?" అన్నాడు బాబాయి. నేను నడిస్తే అడుగు వినపడదని బాబాయి నాకు పెట్టిన పేరు అది. "మ్యావంటే అదే పదివేలు."

అమ్మ నా రెక్క పట్టుకుంది. "రావే, దుప్పట్లు మడత పెడదాం," అంటూ మేం పడుకునే గదిలోకి లాక్కెళ్లింది. దుప్పట్లన్నీ పొద్దున్నే మడతపెట్టి ఉన్నాయి. ఒకటి విప్పి, దాని చాటున గుసగుసగా అడిగింది.

"నీళ్లు కిందికి పోయాయంటావా?"

"పోయాయమ్మా."

"పోతే నేలలోకి కదే పోవాలి?"

"కింద నేల లేదమ్మా. కింద ఆవిడ ఉంది."

అమ్మ దుప్పటి ఒళ్లో వేసుకుని కూర్చుండిపోయింది. ఎగతాళి చేశానేమోనని భయమేసింది. నేను ఉన్నమాటే అన్నాను.

"మన కాళ్ల కింద ఇంకొకళ్ల తల ఉంటుందని నాకేం తెలుసే," అంది. "రాత్రంతా మేలుకుని వచ్చిన మనిషి. పాపం, కంటి నిండా నిద్ర కూడా పోనివ్వలేదు నేను."

"పిన్నికి చెప్పేద్దామా?"

"చెప్తాను. దాని కోపం కాస్త చల్లారనీ. ఇప్పుడు చెప్తే విమానం మాట మళ్లీ ఎత్తుతుంది."

"నాన్నని అంటున్నారు కదమ్మా."

"అననీ. మీ నాన్న బిగించిన పైపు కారడమేంటి? కారలేదని ఆయనే చూపిస్తాడు చూడు. పొడిగా ఉన్న పైపుని పట్టుకుని తడిగా ఉందని ఎవరంటారు?"

అదీ అమ్మ ధైర్యం. ఆ ధైర్యాన్ని పట్టుకునే నేనూ మళ్లీ వంటింట్లోకి వచ్చాను.

నాన్న అల్మారాలోంచి బయటికొచ్చి నేల మీద కూర్చుని ఉన్నాడు. పైపు చుట్టూ తుడిచిన గుడ్డ పక్కన పడుంది. పొడిగా ఉంది. ఆ గుడ్డని రెండు వేళ్లతో నలిపి చూసి, బోర్లా పడుకుని, చెంప నేలకి ఆనించి, అల్మారాల అడుగున సందులోకి టార్చి వేశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత వేళ్లు దూర్చి ఏదో బయటికి లాగాడు.

ఈనె ముక్క. వేలెడంత ఉంటుంది. నాని నల్లబడింది.

నాన్న దాన్ని వెలుగులో పెట్టి చూశాడు. ఆ తర్వాత తలెత్తి అమ్మని చూశాడు. ఆ చూపులో కోపం లేదు. పంపు భాగాలన్నీ విప్పి పరిచాక, లోపం ఎక్కడుందో దొరికినప్పుడు ఆయన మొహంలో ఒక నెమ్మది వస్తుంది. అదే ఉంది. అమ్మ మాత్రం ఆ చూపు తట్టుకోలేక గోడ వైపు తిరిగింది.

"ఏంటన్నయ్యా అది?" అన్నాడు బాబాయి.

"ఏం లేదు. చెత్త."

చెత్త అన్నదాన్ని చొక్కా జేబులో వేసుకున్నాడు. "స్పానరివ్వు తల్లీ. టార్చి పట్టుకో."

ఆయన పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. నాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచి ఆయనకి టార్చి పట్టేది నేనే. మాట్లాడక్కర్లేని పని కాబట్టి నాకిష్టం. కుడికి తిప్పితే కట్టు, ఎడమకి తిప్పితే విడుపు. అక్షరాలకంటే ముందు నాన్న నాకు నేర్పిన పాఠం అది.

స్పానరు పైపు మీద కూర్చుంది. నాన్న మణికట్టు తిరిగింది.

ఎడమకి.

ఒక చుక్క ఉబ్బి, పైపు అంచున వేలాడి, పడింది. దాని వెనక ఇంకోటి.

నా చేతిలో టార్చి కదిలిపోయింది. "సరిగ్గా పట్టుకో," అన్నాడు నాన్న, నాకొక్కదానికే వినపడేలా. తర్వాత గొంతు పెంచాడు. "తమ్ముడూ, ఇలా రా. ఇదుగో, దొరికింది. ఇక్కడే వదులుగా ఉండిపోయింది. నేను సరిగ్గా బిగించలేదు."

బాబాయి వంగి చూశాడు. చుక్క పడటం చూశాడు. జోకు ఏదీ రాలేదు ఆయనకి.

"అదేంటన్నయ్యా," అన్నాడు చివరికి, చిన్నగా. "మీరా?"

పిన్ని దిండు బల్ల మీద పెట్టింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"నేనీ ఊరొచ్చిన కొత్తలో మంచినీళ్ల గ్లాసు కూడా చప్పుడు కాకుండా పెట్టేదాన్ని బావగారూ. బాత్రూములో ఏ పంపు తిప్పితే ఏమవుతుందో తెలీక చన్నీళ్లే పోసుకున్నాను, ఎవర్నీ అడగలేక. తప్పు చేస్తే నా వెనక నిలబడేవాళ్లు లేరు. మీకు మేమున్నాం. అందుకేనేమో మీకింత తేలికయిపోయింది."

"నిజమేనమ్మా," అన్నాడు నాన్న.

పిన్ని మాట అంటే నాన్న ఎప్పుడూ ఊరుకోడు. 'మరదలి మనసు మంచిది, మాటే ఘాటు' అంటూ ఏదో ఒకటి అంటించేవాడు. ఆ రోజు నిజమేనమ్మా అన్నాడు.

"ఏవండీ..." అంది అమ్మ.

"నువ్వు కాసిని మంచినీళ్లివ్వు," అన్నాడు నాన్న, అమ్మ మాట పూర్తి కాకముందే.

అమ్మ గ్లాసుతో తెచ్చిచ్చింది. ఆయన చివరి చుక్కదాకా తాగి, ఖాళీ గ్లాసు ఆమె చేతిలో పెట్టి, ఆ చేతిని ఒక్క క్షణం అలాగే పట్టుకున్నాడు. ఇంకొకళ్ల ముందు వాళ్లిద్దరూ చేతులు పట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు. నోరు విప్పకు అని చెప్పడానికి ఆయనకి వేరే దారి దొరకలేదేమో.

ఫోన్ మోగింది. మేనేజరు కింది ఇంటికి వచ్చేశాడు. బాబాయి టోపీ సర్దుకున్నాడు, నాన్న స్పానరు బల్ల మీద పెట్టేశాడు. ఇద్దరూ కిందికి వెళ్లారు. పిన్ని డ్యూటీకి టైమవుతోందని స్నానానికి వెళ్లి తలుపు వేసుకుంది. సింకు కింద పెట్టిన గిన్నెలో చుక్కలు పడుతున్న చప్పుడు మిగిలింది.

"మీ నాన్న ఆ పైపుని ఏం చేశాడే?" అంది అమ్మ.

నేను గిన్నెలో పడుతున్న చుక్కల్నే చూస్తున్నాను.

"నిన్నే. టార్చి పట్టావుగా."

"వదులు చేశాడు."

"బాగా ఉన్నదాన్ని విప్పాడా?"

"ఊఁ."

అమ్మ లేచి స్నానాల గది తలుపు దగ్గరికి వెళ్లింది. లోపల నీళ్లు పడుతున్నాయి. తలుపు కొట్టడానికి చెయ్యెత్తింది. ఆ చెయ్యి అలాగే గాల్లో ఉండి, కిందికి దిగింది. తిరిగొచ్చి నా ముందు నిలబడింది.

"నువ్వు వెళ్లి చెప్పిరా."

"నేనా!"

"ఈ ఊరి భాష నీకొచ్చుగా. బళ్లో పాఠాలన్నీ గడగడా అప్పజెప్పేదానివి."

"పుస్తకంలో ఉంటే వచ్చమ్మా. మనిషి ఎదురుగా ఉంటే రాదు."

"రెండు ముక్కలు చాలు. నీళ్లు పోసింది మా అమ్మ, పైపు మంచిదే. అంతే."

"పిన్నికే చెప్పొచ్చు కదా? పిన్నయితే బాగా మాట్లాడుతుంది."

"పరాయివాళ్ల దగ్గర మాట పడితే దులుపుకుంటే పోతుందే. చెల్లెలి దగ్గర పడితే పోయేదాకా ఉంటుంది," అంది అమ్మ. "దానికీ చెప్తాను. ముందు ఆ మేనేజరుకి తెలియనీ."

"మరి నిన్ను పంపించేస్తే?"

"పంపిస్తే వెళ్తాను. ఇల్లుంది, వాకిలుంది, నా తూము నాకుంది." నవ్వబోయింది, కుదర్లేదు. "మీ నాన్న మాత్రం చేతులు ముడుచుకుని ఈ గోడలు చూస్తూ కూర్చుంటే నేను చూడలేనే. వెళ్లు తల్లీ, తప్పు తనదేనని ఆయన ఊఁ అనేలోపు వెళ్లు."

లిఫ్టు ఎక్కలేదు. అందులో ఎవరైనా ఉంటే పలకరిస్తారు. మెట్ల మీదే దిగుతూ, ఒక్కో మెట్టుకీ ఒక్కో మాట పేర్చుకున్నాను. మా అమ్మ. నేల. కడగడం. నీళ్లు. ఒక్కోటీ విడిగా బాగానే ఉన్నాయి. కలిపితే చెదిరిపోతున్నాయి. మలుపులో ఆగి మళ్లీ మొదటినుంచి కలిపాను. ఈసారి నిలబడ్డాయి.

కింది ఇంటి తలుపు ఓరగా తెరిచి ఉంది. ఆ ఇల్లు అచ్చం పిన్ని ఇల్లే. అదే కిటికీ, అదే వంటిల్లు. కాకపోతే వంటింటి పక్కగా వేసుకున్న మంచాన్ని గోడకి దూరంగా లాగి, దాని మీద బేసిన్ పెట్టారు. అందరూ తలలెత్తి సీలింగు చూస్తున్నారు. కింది ఇంటావిడ చేతులు కట్టుకుని నిలబడింది. మేనేజరు పొడుగ్గా, సన్నగా, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని ఉన్నాడు. ఏదో అన్నాడు. బాబాయి నాన్న వైపు తిరిగాడు.

"సోమవారం సంగతి అంటున్నాడన్నయ్యా. ఉంటున్న ఇంట్లో పైపే ఆపలేనివాడు నా బిల్డింగులేం చూస్తాడు అంటున్నాడు. ఇదే మాట చివరిసారి అడుగుతున్నాడు. బాగా ఆలోచించి చెప్పండి. కారింది నిజంగా ఆ పైపేనా?"

నాన్న మరకనే చూస్తున్నాడు.

"పైపే," అన్నాడు.

"కాదు," అన్నాను గుమ్మంలోంచి.

ఎవరికీ వినపడలేదు. పిల్లి కూత కూడా దీనికంటే గట్టిగా ఉంటుంది. చెయ్యి పిడికిలి పట్టి తలుపు మీద కొట్టాను. అందరూ ఒకేసారి తిరిగారు. మేనేజరు కళ్లద్దాలు కిందికి దించుకుని, ఏం కావాలమ్మా అని అడిగాడు, వాళ్ల భాషలో. ప్రతి మాటా అర్థమైంది నాకు.

"సార్," అన్నాను. "మా అమ్మ..."

ఆ రెండు మాటలూ వాళ్ల భాషలోనే వచ్చాయి. ఈ ఊళ్లో బయటి మనిషితో నేను మాట్లాడిన మొదటి మాటలు అవే. కింది ఇంటావిడ చేతులు విప్పింది. చెప్పు, చెప్పు అన్నట్టు తలూపింది. తర్వాతి మాట నాలిక మీదే ఉంది.

నాన్న గబగబా నా దగ్గరికి వచ్చాడు. నా పక్కన నిలబడతాడనుకున్నాను. మిగతా మాటలు నా బదులు పేరుస్తాడనుకున్నాను.

"మీ అమ్మ పిలుస్తోందా?" అన్నాడు అందరికీ వినపడేలా. "వస్తున్నానని చెప్పు."

"కాదు నాన్నా. అమ్మే చెప్పమంది. నీళ్లు తనే..." అన్నాను. నా గొంతు ఆయన్ని దాటి పోలేదు.

"తెలుసు తల్లీ."

ఆయన జేబులోంచి ఈనె కొస పైకి కనిపిస్తోంది. నేను దాన్నే చూస్తున్నానని గమనించి, వేలితో లోపలికి నొక్కుకున్నాడు.

మెట్ల పైనుంచి అమ్మ గొంతు వినపడింది. "చెప్పావుటే?"

నాన్న తలెత్తి ఆ గొంతు వచ్చిన వైపు ఒక్కసారి చూశాడు. ఆయన భుజం వెనకనుంచి మేనేజరు ఒక అడుగు ముందుకేసి, నా మొహంలోకి చూస్తూ, అమ్మ ఏం చేసిందని అడిగాడు.

నేను నోరు తెరిచాను. నాన్న నా మొహం మీదే తలుపు వేసేశాడు.